బాణానికి అటూ ఇటూ: కథలో లంకె కట్టే పనితనం

గైడు లాంతరు పైకెత్తి [[మెట్లవైపు->మెట్లు]] చూపించాడు.

ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో కథ రాసేవాళ్ళ ముసాయిదాలో ఒక వాక్యం ఇలా ఉంటుంది. చదివేవాళ్ళకి తెరమీద కనిపించేది మాత్రం ‘గైడు లాంతరు పైకెత్తి మెట్లవైపు చూపించాడు’ అని, అంతే. అందులో ‘మెట్లవైపు’ అన్న మాట నీలంగా ఉంటుంది. దాన్ని నొక్కితే ‘మెట్లు’ అని రచయిత పేరు పెట్టుకున్న ఘట్టం తెరుచుకుంటుంది. రెండు జతల బ్రాకెట్లు, మధ్యలో ఒక బాణం. పాఠకుణ్ణి కథలోకి దింపి దారి ఎంచుకోమనే పరికరాలు చాలా వచ్చాయి. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేసేది ఇంకొకటి నేను చూడలేదు. ఈ వ్యాసం ఆ చిన్న పనితనం గురించి. అది తెలుగు వాక్యానికి ఎంత చక్కగా అమరుతుందో, ఎక్కడ అమరదో చెప్పాలన్నది నా కోరిక.

పై వాక్యంలో గైడు చూపిస్తున్న మెట్లు ఒక గుహవి. ఆ గుహ కల్పితం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, జగదల్‌పూర్ నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరాన, కాంగేర్ లోయలో ఉన్న కోటంసర్ గుహ అది. ఆ లోయని 1982లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. గుహ సున్నపురాతిది. ఇరుకైన నోట్లోంచి కిందికి దిగాలి. గైడు వెంట లేకుండా పంపరు, వానాకాలమంతా మూసేస్తారు. వెలుతురు పడని నీటిగుంటల్లో చూపు సన్నగిల్లిన చిన్న చేపలుంటాయి. కాంగేర్ నది వెళ్ళి కొలాబ్‌లో కలుస్తుంది. ఆ కొలాబే మనవైపు శబరి అనిపించుకుని కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. విశాఖపట్నంలో కిరండూల్ బండి ఎక్కినవాళ్ళు బొర్రా గుహలు, అరకు దాటి జగదల్‌పూర్ చేరతారు. అంటే ఈ గుహకీ తెలుగు నేలకీ నీటి చుట్టరికమూ ఉంది, పట్టాల చుట్టరికమూ ఉంది.

గుహనే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. పాఠకుడు నడిపే కథ అనే ప్రక్రియ పుట్టిందే గుహలో. అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్‌కి గుహలు తిరిగి, వాటి పటాలు గీసే అలవాటు. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల వ్యవస్థలో తాను తిరిగిన ఒక భాగాన్ని ఆధారం చేసుకుని 1975-76 ప్రాంతంలో ‘అడ్వెంచర్’ అనే ఆట రాశాడు. అందులో బొమ్మల్లేవు, అన్నీ మాటలే. గది వర్ణన తెరమీద వస్తుంది, ఆడేవాళ్ళు ‘ఉత్తరానికి వెళ్ళు’, ‘దీపం తీసుకో’ లాంటి ఆజ్ఞలు ఇంగ్లీషులో టైపు చేయాలి. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశాడు. అక్కణ్ణించి మొదలైన దారిలో ఇన్ఫోకామ్ కంపెనీ ఆటలూ, 1993లో గ్రహమ్ నెల్సన్ తయారుచేసిన ఇన్‌ఫార్మ్ భాషా వచ్చాయి.

టైపు చేసే పద్ధతిలో ఒక గొప్పతనముంది. ఏం చేయగలమో ముందుగా ఎవరూ చెప్పరు. మనమే ఊహించాలి. కానీ ఆ ఊహ సాఫ్ట్‌వేర్‌కి తెలిసిన మాటతో కలవకపోతే కథ ఆగిపోతుంది. తెలుగులో ఈ కష్టం రెట్టింపు. లాంతరు తీసుకో, లాంతర్ని తీసుకో, లాంతరందుకో, లాంతరు పట్టుకో, లాంతరు చేత్తో పట్టుకుని పద. మనిషికి ఇవన్నీ ఒకటే. యంత్రానికి సంధి విడదీసి, విభక్తి ఒలిచి, క్రియకి అసలు రూపం వెతికి చూపించాలి. పైగా ఫోన్లో తెలుగు టైపు చేసే ఓపిక అందరికీ ఉండదు. అందుకే తెలుగులో ఈ రకం కథ రాయాలంటే లంకె దారే దగ్గరి దారి. పాఠకుడు భాషని పుట్టించనక్కర్లేదు, రచయిత రాసిన మాటల్లోంచి ఒకదాన్ని వేలితో తాకితే చాలు.

తెరమీది వాక్యంలోనే ఒక మాటని వెలిగించి, దాన్ని ఎంచుకోనివ్వడం అన్నది వెబ్ కంటే పాత ఆలోచన. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్మన్ బృందం 1983లోనే దాన్ని పనిచేయించి చూపింది. కథకుల చేతికి వచ్చేసరికి అది వేరే రంగు తీసుకుంది. స్టోరీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్‌తో మైకేల్ జాయిస్ రాసిన ‘ఆఫ్టర్‌నూన్’ 1990లో ప్రచురణ అయింది. అందులో ఏ మాట లంకెయో గుర్తు ఉండదు. ఏ మాట పలుకుతుందోనని పాఠకుడు తడుముకుంటూ పోవాలి. స్టోరీస్పేస్ ఇచ్చిన అసలు కానుక మరొకటి: లంకెకి షరతు పెట్టడం. ఫలానా ఘట్టం చదివాకే ఈ దారి తెరుచుకోవాలి అని రచయిత చెప్పొచ్చు. పొలంలో మడవ కట్టినట్టు, కథ ఎటు పారాలో ఎప్పుడు పారాలో రాసేవాళ్ళ చేతిలో ఉంటుంది. ఈ రోజు ఏ పరికరం తీసుకున్నా ఈ ఆలోచన ఏదో ఒక రూపంలో ఉంది.

ట్వైన్‌ని తయారుచేసింది క్రిస్ క్లైమస్. 2009లో విడుదలైంది. ప్రోగ్రామింగ్ రానివాళ్ళు కూడా రాయగలగాలన్నది దాని లక్ష్యం. నెట్‌ఫ్లిక్స్‌లో 2018లో వచ్చిన ‘బాండర్‌స్నాచ్’ చూసినవాళ్ళుంటారు. దాని కొమ్మల కథని చార్లీ బ్రూకర్ మొదట ట్వైన్‌లోనే అల్లుకున్నాడు. ఆ రెండు చదరపు బ్రాకెట్లు మాత్రం ట్వైన్ కనిపెట్టినవి కావు, వికీల నుంచి వచ్చినవి. తెలుగు వికీపీడియాలో ఎప్పుడైనా ఒక పేజీ దిద్దినవాళ్ళకి అవి పాత నేస్తాలే. జెరెమీ రస్టన్ 2004లో చేసిన టిడ్లీవికీ అనే ఒంటిఫైలు వికీ నుంచి ట్వైన్ తన తొలి యంత్రాంగాన్ని తీసుకుంది.

ఇక్కడే ఒక చిక్కు, దాన్ని విప్పిన తీరులో ఒక నేర్పు కనిపిస్తాయి. వికీపీడియాలో నిలువు గీతకి ఎడమవైపు వెళ్ళాల్సిన పేజీ పేరు, కుడివైపు కనిపించే మాట రాస్తారు. టిడ్లీవికీలోనూ ట్వైన్‌లోనూ సరిగ్గా తిరగేసి: ఎడమవైపు కనిపించే మాట, కుడివైపు గమ్యం. రెండుచోట్లా రాసేవాళ్ళు తికమకపడక తప్పదు. నిలువు గీత ఏ దిక్కూ చెప్పదు మరి. ట్వైన్‌లో ఆ గీతని తీసేయకుండానే, దాని పక్కన బాణాన్ని చేర్చారు. కుడికి చూసే బాణమైతే కుడివైపున్నది గమ్యం. ఎడమకి చూసే బాణమైతే ఎడమవైపున్నది గమ్యం. [[మెట్లవైపు->మెట్లు]] అన్నా, [[మెట్లు<-మెట్లవైపు]] అన్నా ఒకటే. గుర్తుపెట్టుకోవాల్సిన నియమమంటూ మిగల్లేదు. రాసిందే నియమాన్ని చూపిస్తోంది. ఒక్క గుర్తు చేర్చి ఒక తరం తికమకని తీసేయడం నాకు మామూలు విషయంగా తోచదు.

లియాన్ ఆర్నాట్ రాసిన హార్లో అనే కథారూపం (కథని తెరమీద నడిపే యంత్రాంగం) ట్వైన్‌తోపాటే వస్తుంది. అందులో ఇంకాస్త లోతుకి ఆలోచించారు. కనిపించే మాటలోనే బాణం గుర్తు ఉంటే? ‘కాంగేర్->కొలాబ్->గోదావరి’ అని పాఠకుడికి కనిపించాలి, నొక్కితే ‘నది’ అనే ఘట్టానికి వెళ్ళాలి అనుకుందాం. [[కాంగేర్->కొలాబ్->గోదావరి->నది]] అని రాస్తే చాలు. కుడివైపు చూసే బాణాల్లో అన్నిటికంటే కుడిదాన్నే అసలు బాణంగా తీసుకోవాలన్నది హార్లో నియమం. ఎడమ బాణాలైతే అన్నిటికంటే ఎడమది. ఎవరికో ఎప్పుడో తప్ప అక్కరకు రాని సందర్భం ఇది. అయినా దానికీ జవాబు ఆలోచించి, రాసిపెట్టి ఉంచారు. మంచి పనివాడి చేయి ఇలాంటి మూలల్లోనే తెలుస్తుంది.

బ్రాకెట్ మూయగానే ట్వైన్ ఎడిటర్ చేసే పనులు కూడా చెప్పాలి. ‘మెట్లు’ అనే ఘట్టం ఇంకా లేకపోతే అదే ఒక ఖాళీ కార్డు సృష్టించి, పటం మీద పెట్టి, ఈ ఘట్టం నుంచి దానికి ఒక గీత గీస్తుంది. రాయడమూ పటం గీయడమూ ఒకేసారి జరిగిపోతాయి. తర్వాత ఆ కార్డు పేరు ‘మొదటి మెట్టు’ అని మారిస్తే, కథలో దానికున్న లంకెలన్నిటిలోనూ పేరు తనంతట తనే మారుతుంది. కనిపించే మాటలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. బ్రాకెట్లు తెరిచి టైపు చేయడం మొదలుపెడితే ఇప్పటికే ఉన్న ఘట్టాల పేర్లు వరసగా చూపిస్తుంది. క్రౌథర్ కాగితం మీద గీసుకున్న పటం ఇక్కడ రాత వెంటే పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు తెలుగు విషయానికి వస్తాను. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

ఇంగ్లీషులో ‘గుహ’ అనే మాట వాక్యంలో ఎక్కడున్నా దాదాపు అలాగే ఉంటుంది. దాని ముందు ఒక చిన్న మాట చేరుతుందంతే. తెలుగులో గుహ గుహలోకి, గుహలోంచి, గుహని, గుహంతా అవుతుంది. ఇదింకా నయం, మొదలు చెక్కుచెదరలేదు. నీరు ‘నీటిలో’ అవుతుంది, ‘నీళ్ళు’ అవుతుంది. రాయి ‘రాళ్ళు’ అవుతుంది. చెయ్యి ‘చేతిలో’, ఇల్లు ‘ఇంట్లో’, ఊరు ‘ఊళ్ళో’. కనిపించే మాటే గమ్యం పేరు కూడా కావాలంటే తెలుగు రచయిత రెండు తప్పుదారుల మధ్య ఇరుక్కుంటాడు. లంకె కోసం వాక్యాన్ని వంకర చేసి ‘నీరు అనే దానిలో’ అనాలి. లేదా నీరు, నీటిలో, నీళ్ళు అని మూడు వేర్వేరు ఘట్టాలు పుట్టించాలి. బాణం ఉండబట్టి ఈ బాధ లేదు. [[నీటిలోకి->నీరు]], [[నీళ్ళకేసి->నీరు]]. బాణానికి ఎడమవైపు వ్యాకరణం, కుడివైపు చిరునామా. ఇంగ్లీషు రచయితకి ఇది సదుపాయం. తెలుగు రచయితకి ఇది లేనిదే పని జరగదు.

వికీపీడియా సాఫ్ట్‌వేర్ ఇదే సమస్యని ఇంకో వైపు నుంచి పట్టుకుంది. అక్కడ బ్రాకెట్లు మూసిన వెంటనే ఖాళీ లేకుండా అక్షరాలొస్తే వాటిని కూడా లంకెలో కలిపేస్తారు. మొదట ఇది ఇంగ్లీషు బహువచనాల కోసం పెట్టిన ఏర్పాటు. తెలుగుకి ప్రత్యేకంగా తెలుగు అక్షరాల శ్రేణిని రాసిపెట్టడంతో [[గుహ]]లోకి అని రాస్తే ‘గుహలోకి’ మొత్తం ఒకే లంకెగా కనిపిస్తుంది, వెళ్ళేది మాత్రం ‘గుహ’ పేజీకి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళు రోజూ దీని మీదే ఆధారపడతారు, చాలామందికి అలాంటి ఏర్పాటు ఒకటుందన్న ధ్యాస కూడా ఉండదు. మొదలు మారని మాటలకి ఇది బాణం కంటే హాయి. మొదలు మారే మాటలకి అక్కడా నిలువు గీతే దిక్కు. ట్వైన్‌లో ఈ తోక కలిపే ఏర్పాటు లేదు. బ్రాకెట్ల బయట మిగిలిన ‘లోకి’ నల్లగానో తెల్లగానో మిగిలిపోయి, మాట సగం వెలిగి సగం ఆరినట్టుంటుంది. ఇది ఒక లోటే, ఒప్పుకోవాలి.

ఇంకో చిక్కు కంటికి కనిపించనిది. జగదల్‌పూర్ అని రాసేటప్పుడు ల పొల్లుకీ పకీ మధ్య అవి అతుక్కోకుండా ఒక అదృశ్య అక్షరం పెడతాం. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి, కొన్నింటిలో మనం నొక్కాలి. కొన్నిచోట్ల మాట చివర కూడా అది మిగిలిపోతుంది. ‘కోటంసర్’ చివర ఒకచోట ఆ అక్షరం ఉండి, ఇంకోచోట లేకపోతే కంటికి రెండూ ఒకటే, యంత్రానికి రెండూ వేరే పేర్లు. ట్వైన్ పేర్లని అక్షరం పొల్లుపోకుండా పోల్చుతుంది. కాబట్టి ఎర్రగుర్తేమీ చూపించదు, అదే పేరుతో ఇంకో ఖాళీ కార్డుని నిశ్శబ్దంగా తయారుచేసి పెడుతుంది. ఆ గుహ పేరుని కోటంసర్ అనీ, కోటమ్‌సర్ అనీ, కుటుంసర్ అనీ రాసేవాళ్ళున్నారు. అప్పుడు కార్డులు ఇంకా పెరుగుతాయి. అందుకే గమ్యాలకి పొట్టి పేర్లు, పొల్లు రాని పేర్లు పెట్టుకోవాలి: గుహ, చేప, మెట్లు, నది. ఊరిపేర్ల వైభవమంతా బాణానికి ఎడమవైపే ఉంచుకోవచ్చు.

లంకె ఎక్కడ ఉండాలి? వాక్యం లోపలా, వాక్యాల కిందా? ఈ ప్రశ్నకి బస్తర్‌లోనే ఒక జవాబు ఉంది, అయితే అది తెర మీద లేదు. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌కి చెందిన బిల్ థీస్ తోడ్పాటుతో సీజీనెట్ స్వర అనే సేవని మొదలుపెట్టారు. మామూలు ఫోన్ నుంచి నంబరుకి కాల్ చేస్తే ఒక గొంతు పలకరిస్తుంది: మీ మాట రికార్డు చేయాలంటే ఒకటి నొక్కండి, ఇతరులది వినాలంటే రెండు నొక్కండి. గోండీలాంటి భాషల్లో మాట్లాడేవాళ్ళు, చదవడం రానివాళ్ళు తమ ఊరి సంగతులు తామే చెప్పుకోగలిగారు. అక్కడ దారులన్నీ మాట పూర్తయ్యాకే వస్తాయి. గొంతులో ఒక మాటని నీలం రంగులో పలకడం సాధ్యం కాదు కాబట్టి అంకెలతో జాబితా చదవాలి. ఆ హద్దుకి లోబడి అంత సులువుగా చేయడం గొప్ప పని. వాక్యం మధ్యలో దారి తెరవగలగడం రాతకి మాత్రమే ఉన్న భాగ్యమని అది చూశాక బాగా తెలుస్తుంది.

జాబితా పద్ధతిలో అత్యంత నైపుణ్యం చూపినవాళ్ళు కేంబ్రిడ్జికి చెందిన ఇంకిల్ సంస్థవాళ్ళు. ‘80 డేస్’ ఆటలో వాడిన తమ ఇంక్ భాషని 2016లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. అందులోనూ చదరపు బ్రాకెట్ ఉంది, చేసే పని వేరు. నక్షత్రం గుర్తు పెట్టి ఎంపిక రాస్తే, బ్రాకెట్‌కి ముందున్నది ఎంపికలోనూ కనిపిస్తుంది, నొక్కాక కథలోనూ కనిపిస్తుంది. బ్రాకెట్ లోపలిది ఎంపికలో మాత్రమే. బ్రాకెట్ తర్వాతిది కథలో మాత్రమే. తెలుగులో రాసి చూడండి:

* దీపం ఆర్పమని [అడుగు] అడిగాను.

పాఠకుడికి ముందు ‘దీపం ఆర్పమని అడుగు’ అని ఎంపిక కనిపిస్తుంది. నొక్కగానే కథలో ‘దీపం ఆర్పమని అడిగాను’ అని పడుతుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది కాబట్టి ఆజ్ఞకీ కథనానికీ తేడా అంతా చివరి మాటలోనే ఉంటుంది. మొదలంతా ఉమ్మడి సొత్తు. ఇంగ్లీషులో క్రియ ముందుకొచ్చేస్తుంది, అందువల్ల ఈ కత్తిరింపుకి వాళ్ళు వేరే ఒడుపులు వెతుక్కోవాలి. తెలుగు వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుని కొలతలు తీసి కుట్టినా ఇంతకంటే బాగా అమరదు. ఇంక్ తెలుగు కోసం పుట్టలేదు. అయినా ఈ ఒక్క చోట తెలుగు దానికి పుట్టిల్లంత దగ్గర.

ట్వైన్‌లో వాక్యం లోపల లంకె పెట్టేటప్పుడు కూడా క్రియ చివర ఉండడం కలిసొస్తుంది. వాక్యం మధ్యలో నీలం మాట కనపడితే కన్ను అక్కడే ఆగి, వేలు తొందరపడుతుంది, మిగతా సగం చదవకుండానే పేజీ మారిపోతుంది. ‘గుంట అంచున కూర్చుని [[వంగి చూశాను->చేప]]’ అంటే వాక్యం పూర్తయ్యాకే దారి వస్తుంది. నా అభిప్రాయం ఇది: కథని ముందుకు నడిపే లంకెలు క్రియ మీద ఉండాలి, ఆగి చూడమనే లంకెలు నామవాచకం మీద ఉండాలి. ఈ తేడా పాటిస్తే నాలుగు పేజీల్లో పాఠకుడికి చెప్పకుండానే అలవాటవుతుంది.

నొక్కాక లంకె ఏమవ్వాలి అన్నది మరో పెద్ద విషయం. హార్లోలో లంకె అంటే పేజీ మారడమే కానక్కర్లేదు. నొక్కిన మాట స్థానంలో ఇంకో మాట రావచ్చు. నొక్కిన మాట అలాగే ఉండి దాని పక్కన కొత్త వాక్యం పుట్టొచ్చు. నొక్కినప్పుడల్లా రెండు మూడు మాటల మధ్య తిరుగుతూ ఉండొచ్చు. కోటంసర్ గుంట దగ్గర ‘నీళ్ళలో ఏమీ లేదు’ అన్న వాక్యంలో ‘ఏమీ లేదు’ మీద లంకె పెట్టి, నొక్కితే ‘ఏదో కదిలింది’ అని మారేలా చేస్తే, చీకటికి కళ్ళు అలవాటుపడే ఆ క్షణం పాఠకుడి వేలికొసన జరుగుతుంది. పేజీ మారితే ఆ అనుభవం పోతుంది. అచ్చు కథలో ఎంత పెద్ద రచయితకైనా అందనిది ఇది.

ఇంక్‌లో నక్షత్రం పెట్టిన ఎంపిక ఒకసారి నొక్కాక మళ్ళీ కనిపించదు. కూడిక గుర్తు పెడితే ఎప్పటికీ ఉంటుంది. అన్నీ అయిపోయి పాఠకుడు గోడకి తగులుకోకుండా చివరికి తనంతట తనే తీసుకునే ఒక దారి కూడా పెట్టొచ్చు. అలెక్స్ వారెన్ చేసిన క్వెస్ట్‌లో వస్తువుల పేర్లే లంకెలు. నొక్కితే చూడు, తీసుకో అంటూ ఆ వస్తువుతో చేయగల పనులు తెరుచుకుంటాయి. మీరు ఆ గది దాటి వచ్చేశాక, పైన తెరమీద ఇంకా కనిపిస్తున్న పాత పేరాలోని లంకెలు పనిచేయడం మానేస్తాయి. ఇది చాలా సున్నితమైన పట్టింపు. గడిచిపోయిన గదిలోని లాంతరుని ఇక్కణ్ణించి తీసుకోలేరు కదా! జోయీ క్విన్ బృందం 2013లో చేసిన ‘డిప్రెషన్ క్వెస్ట్’ దీన్ని తిరగేసి వాడింది. కుంగుబాటులో ఉన్న మనిషికి ఏ పనులు చేతకావో వాటిని దాచకుండా, ఎర్రగీతతో కొట్టేసి చూపించింది. లేచి నలుగురితో మాట్లాడడం అనే దారి కళ్ళముందే ఉంది, నొక్కడానికి మాత్రం లేదు. పనిచేయని లంకెతో ఒక జబ్బు స్వభావాన్ని చెప్పగలగడం ఈ ప్రక్రియ మొత్తంలో నాకు అతి గొప్పగా అనిపించిన ఘట్టం.

టైపు చేసే కథల లోకం కూడా లంకెని చేర్చుకుంది, కాస్త జాగ్రత్తగా. ఆండ్రూ ప్లాట్‌కిన్ రూపొందించిన గ్లక్ అనే ప్రమాణంలో లంకె అంటే ఒక సంఖ్య మాత్రమే. ఫలానా అక్షరాలకి ఈ సంఖ్య అని చెప్పి అచ్చువేస్తారు. సున్నా అంటే లంకె లేదని. అది నీలంగా ఉండాలా, గీతతో ఉండాలా అన్నది చూపించే సాఫ్ట్‌వేర్ ఇష్టం. కథ ‘ఇప్పుడు నొక్కితే నాకు చెప్పు’ అని అడిగితేనే నొక్కు లెక్కలోకి వస్తుంది, ఒక నొక్కు అందగానే ఆ అడగడం పూర్తయిపోతుంది, మళ్ళీ కావాలంటే మళ్ళీ అడగాలి. పాఠకుడు రెండుసార్లు గబగబా నొక్కినా కథ రెండడుగులు జారిపోదు. ఇక్కడ అందం కోసం చేసిందేమీ లేదు, ఉన్నదంతా జాగ్రత్తే.

కనిపించే తీరు గురించి రెండు మాటలు. వెబ్‌లో లంకె అంటే కింద గీత. తెలుగులో ఆ గీత ఒత్తులు ఉండే చోటే పడుతుంది. మెట్లలో లావత్తు, గుడ్డిలో డావత్తు గీతతో చిక్కుపడి చదవడానికి ఇబ్బంది. హార్లో మామూలుగా గీత వాడదు, నీలం రంగూ దళసరి అక్షరాలూ వాడుతుంది. మన ఒత్తులకి అది మేలు చేసింది. దళసరి మాత్రం కొన్ని తెలుగు ఫాంట్లలో సున్నాలు పూడ్చేస్తుంది, దాన్ని తీసేసి రంగు ఒక్కటే ఉంచుకోవడం మంచిది. తెలుగు మాటలు పొడుగ్గా ఉండడం వల్ల ఫోన్‌లో వేలికి అందడం తేలిక. రెండు లంకెలు పక్కపక్కన పెట్టకపోతే చాలు.

హార్లో ఆజ్ఞల పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. పదో తరగతి పిల్లలకి అవి అడ్డమే. మామూలు బ్రాకెట్లూ బాణమూ మాత్రం ఏ భాషవీ కావు. వాటితోనే పూర్తి కథ కట్టొచ్చు. మొదటి కథకి అంతకుమించి వాడొద్దని నా సలహా.

బస్తర్‌కీ మనకీ మధ్య ఈ పరికరం చేయగల పని ఒకటుంది. ట్వైన్ కథ పూర్తయ్యాక ఒకే ఒక ఫైలు అవుతుంది, బ్రౌజర్ ఉన్న ఏ ఫోన్లోనైనా ఇంటర్నెట్ లేకుండా తెరుచుకుంటుంది. సిగ్నల్ అందని ఊళ్ళలో సీజీనెట్ వాళ్ళు రికార్డింగులని బ్లూటూత్‌తో ఫోన్ నుంచి ఫోన్‌కి పంపి ‘బుల్టూ రేడియో’ నడిపారు. ఈ ఫైలూ అలాగే చేతులు మారగలదు. గోండీ మాట్లాడేవాళ్ళు తెలంగాణలోనూ ఉన్నారు, ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉన్నారు. ఇక్కడ తెలుగు లిపిలో రాస్తారు, అక్కడ దేవనాగరిలో రాస్తారు. దక్షిణ బస్తర్‌లో కొంట, భోపాలపట్నం వైపు తెలుగు వినిపిస్తుంది, జగదల్‌పూర్ బజారులో హల్బీ వినిపిస్తుంది. ఒకే కథని ఈ భాషలన్నిటిలోకీ తేవాలంటే అనువదించేవాళ్ళు వాక్యాలనీ, బాణానికి ఎడమవైపున్న మాటలనీ మారిస్తే సరిపోతుంది. కుడివైపు చిరునామాలు, వాటి మధ్య అల్లిన దారులు ముట్టుకోనక్కర్లేదు.

కాబట్టి కథలు రాసే తెలుగువాళ్ళకి, ముఖ్యంగా ఆ సరిహద్దు ఊళ్ళలో పాఠాలు చెప్పే టీచర్లకి నా విన్నపం: ట్వైన్‌కి డబ్బు కట్టక్కర్లేదు, బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. పది ఘట్టాలకి మించని ఒక చిన్న కథతో మొదలుపెట్టండి. మీ పక్క ఊరి గుహో, వాగో, సంతో తీసుకోండి. గమ్యాలకి పొట్టి పేర్లు పెట్టండి, లంకెని క్రియ మీద ఉంచండి, ఆ ఫైలుని పక్క భాష మాట్లాడే ఒక స్నేహితుడికి పంపండి.